చెవులతో చూసిన సినిమాలు

మొన్న వేసవిలో రాజాం వెళ్లి మా అప్ప, అంటే మా అక్క, ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాను. మధ్యాహ్నం భోజనం చేసి వెనక గదిలో నడుం వాల్చాను. ముందు గదిలో అప్ప మనవడు ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. సగం నిద్రలో ఉండగా ఎస్వీ రంగారావు నవ్వు వినిపించింది, ఆ వెంటనే మాధవపెద్ది సత్యం గొంతు. కళ్లు తెరవకుండానే మొత్తం సీను కనబడిపోయింది, లడ్డూలు వాటంతటవే వరసకట్టి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లిపోవడంతో సహా. లేచి వెళ్లి వాడి పక్కన కూచోవచ్చు కానీ వెళ్లాలనిపించలేదు. పాట అయ్యేదాకా అలాగే పడుకుని విన్నాను. ఎందుకంటే మాయాబజార్ నాకు అలవాటైంది అలాగే. ఎక్కడో దూరం నుంచి, చీకట్లో, బొమ్మ లేకుండా.

సాయంత్రం అరుగు మీద కూచుని నేనూ అప్పా చాలాసేపు ఆ సంగతులే మాట్లాడుకున్నాం. ఆవిడకి గుర్తున్నవి కొన్ని నాకు గుర్తులేవు, నాకు గుర్తున్నవి కొన్ని ఆవిడకి లేవు. రెండూ కలిపి ఒకచోట రాసిపెట్టకపోతే మా ఇద్దరితోనే పోతాయనిపించింది.

మా ఊరు రాజాంకి దగ్గర్లోనే. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాలు మార్చినప్పుడు విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పంటలు ఇంటికొచ్చి, గోగునార అమ్మిన డబ్బులు జనం చేతుల్లో ఆడే రోజుల్లో మా ఊరికి టూరింగ్ టాకీస్ వచ్చేది. మేం మాత్రం డేరా హాలు అనే అనేవాళ్లం. ముందు ఎడ్లబండ్ల మీద గుంజలు, గుడ్డ, రేకులు దిగేవి. తర్వాత ఆయిలింజను. అది దిగిందంటే ఇక పిల్లలం బడిలో ఉన్నా మనసంతా అక్కడే. చెరువు పక్క మెరక మీద డేరా లేచేది. గోగు నానబెట్టిన చెరువు వాసన ఇంకా పూర్తిగా పోయేది కాదు, సినిమా చూస్తున్నంతసేపూ ఆ వాసన ముక్కుకి తగులుతూనే ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా నిలవ నీటిలో నార కుళ్లిన వాసన వస్తే అందరూ ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం టికెట్ తీసుకోవాలనిపిస్తుంది.

నేల, బెంచి, కుర్చీ. అంతే, మూడు తరగతులు. నేలంటే ఇసకే. ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్యన ఒక పొట్టి తడిక. ముందు వెళ్లిన పిల్లలు ఇసక పోగు చేసుకుని దాని మీద ఎత్తుగా కూచునేవాళ్లు, వెనకున్నవాళ్లు తిట్టేవాళ్లు, ఆ పోగు కాలితో తన్నేసేవాళ్లు. పగలు ఎడ్లబండికి రెండు పక్కలా తడికలు కట్టి, వాటి మీద పోస్టర్లు అంటించి, డప్పు కొట్టుకుంటూ ఊరూరా తిప్పేవారు. మైకులో "నేడే చూడండి, రోజూ రెండు ఆటలు" అని ఒకాయన అరుస్తుంటే బండి వెనక రంగు కాగితాల కోసం పరిగెత్తేవాళ్లం. ఆ కాగితాలు పుస్తకాలకి అట్టలయ్యేవి.

చీకటి పడుతుండగా డేరా మీది మైకులో పాటలు మొదలయ్యేవి. అది చుట్టుపక్కల ఊళ్లకి కూడా గడియారం. రెండు మూడు పాటల దాకా ఎవరూ కంగారు పడరు. వంటలవుతుంటాయి, గొడ్లకి గడ్డి వేస్తుంటారు. ఘంటసాల "నమో వెంకటేశా" మొదలైందంటే మాత్రం ఇక టైమైపోయినట్టే. ఆ పాట అయ్యేలోగా గట్ల మీద లాంతర్లు పరిగెడుతూ కనబడేవి.

కొత్త సినిమా మాకు కొత్తగా ఎప్పుడూ రాలేదు. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ఆడి, తర్వాత రాజాం, పాలకొండ లాంటి చోట్ల ఆడి, అరిగి, తెగి, అతుకులు పడి అప్పుడు మా డేరాకి వచ్చేది. పాటలు ఎప్పుడో నోటికొచ్చేసేవి, సినిమా చాన్నాళ్లకి వచ్చేది. అందుకే డేరావాళ్లు కొత్త సినిమాల కంటే పాత పౌరాణికాల్నే ఎక్కువ నమ్ముకునేవారు. మాయాబజార్ వచ్చింది 1957లో, మేమింకా పుట్టనే లేదు. అయినా మా చిన్నతనంలో డేరా వచ్చిన ప్రతిసారీ ఆ సినిమా పడాల్సిందే, జనం నిండాల్సిందే.

*

మా ఇల్లు ఊరి చివర. డేరా మెరకకీ మా పెరటికీ మధ్య ఒక చింతతోపు, ఒక గట్టు, అంతే. రెండో ఆట మొదలయ్యేసరికి ఊరు సద్దుమణిగేది. గాలి అటు నుంచి వీస్తే డేరాలో మాట ప్రతి ఒక్కటీ మా పెరట్లోకి వచ్చేది, వెనకాల ఆయిలింజను దడదడతో సహా.

మా మామ్మ, నాన్న వాళ్లమ్మ, భోజనాలయ్యాక పెరట్లో నులక మంచం వాల్చుకుని కూచునేది. తాత పోయాక మామ్మ హాలుకి వెళ్లడం మానేసింది. వద్దని ఎవరూ అనలేదు. "రా అత్తా, ఓసారి చూసొద్దాం" అని అమ్మ పిలిచేది. "మీరెల్లండమ్మా, నాకు ఇక్కడికే వినబడతాది" అనేది. ఇక పిలవడం కూడా మానేశారు.

ఎండాకాలం మొదట్లో చింతపండు పని ఉండేది. మామ్మ ముందర ఒక రాయి, చేతిలో చిన్న కర్ర, పక్కన చాట. పెచ్చు తీసేసిన చింతకాయని రాయి మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే చీలేది. పిక్క గోటితో ఎగదోసి చాటలోకి, ఈనె లాగి కింద, గుజ్జు బుట్టలోకి. చూడకుండానే చేసేది, చూపంతా చింతతోపు వైపే. టక్, టక్ అని ఆ చప్పుడు సాగుతూనే ఉండేది. సీను రక్తి కట్టిందంటే దెబ్బ ఆగిపోయేది. కర్ర గాల్లోనే ఉండేది. ఆ మాటలయ్యాక మళ్లీ టక్కుమనేది. మంచాల మీద పడుకుని ఆ చప్పుడు వింటే చాలు, ఏ సీను మామ్మకి ఇష్టమో మాకు తెలిసిపోయేది.

డేరాలో ఒకటే మిషను. పెద్ద హాళ్లలో రెండు మిషన్లుంటాయి, ఒక రీలు అయిపోయేలోగా రెండోది అందుకుంటుంది. ఇక్కడ ఆ వీలు లేదు. రెండు వేల అడుగుల రీలు 22 నిమిషాలు ఆడుతుంది, అది అయిపోగానే లైట్లు వెలగాలి, ఆపరేటరు కొత్త రీలు ఎక్కించాలి. ఆ సందులోనే మామ్మ లేచి గేదెకి కుడితి పెట్టేది, నీళ్లు తాగేది, మా దుప్పట్లు సరిచేసేది. బెల్లు కొట్టేసరికి మళ్లీ మంచం మీద సిద్ధం. మధ్యలో కార్బన్ కడ్డీలు అరిగి తెర మసకబారితే జనం "ఆపరేటరూ!" అని కేకలు వేసేవారు. మామ్మకి ఆ కేకలంటే చిరాకు, బొమ్మతో పనిలేదు కదా ఆవిడకి, మాట వినబడకపోవడమే కష్టం.

బొమ్మ కావలసిన చోట మాత్రం ఒకటుండేది, జనం నవ్వు. తెర మీద ఎవరూ ఏమీ అనలేదు, అయినా డేరా అంతా గొల్లుమంది. మామ్మ కర్ర ఆగిపోయేది. "ఓరి గుంటడా, ఎందుకురా అలగ నవ్వుతున్నారు? ఎవుడూ ఏటీ అనలేదు కదా!" అని నన్ను లేపేది. అలా మా ఇద్దరికీ ఒక పని పడింది. మొదటి ఆటకి అమ్మతో వెళ్లాలి, శ్రద్ధగా చూసి రావాలి, రెండో ఆట నడుస్తుంటే మామ్మ పక్కన కూచుని ఎక్కడ ఎందుకు నవ్వుతున్నారో చెప్పాలి. పెళ్లివారికి వేసిన తివాచీ దానంతటదే చుట్టుకుపోవడం, మంచం గిరగిరా తిరిగి ఎక్కినవాళ్లని కిందకి దొర్లించడం, అల్లు రామలింగయ్య, వంగర బిక్కచచ్చిపోవడం, ఇవన్నీ నేను చెప్పాలి. ఆ బాధ్యతతో సినిమా చూడటం వల్లనేమో, ఆ సీన్లు నాకు ఇప్పటికీ అంత వివరంగా గుర్తు.

శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడి పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం అప్పదే రాజ్యం. "అహ నా పెళ్లియంట" అని సుశీల గొంతులో సాగుతున్న పాటలోకి మధ్యలో ఘంటసాల గొంతు దూరిపోతుంది. విన్న మామ్మకి అంతవరకూ తెలుసు, కానీ అక్కడ సావిత్రి ఏం చేసిందని జనం అంత నవ్వుతున్నారు? అప్ప లేచి, చింతపండు కొట్టే కర్ర లాక్కుని గదలా భుజాన వేసుకుని, సావిత్రి రంగారావులా ఎలా కాళ్లు ఎడంగా వేసి నడిచిందో, చటుక్కున ఎలా సిగ్గుపడి ఆడపిల్లయిపోయిందో నడిచి చూపించేది. మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒళ్లంతా కదిలేలా నవ్వేది. "సుశీలమ్మ మన ఇజీనారం పిల్లే" అని ప్రతిసారీ చెప్పేది. నిజమే, సుశీల పుట్టింది, సంగీతం నేర్చుకుంది విజయనగరంలోనే. మామ్మకి తెలిసిన శశిరేఖ గొంతు సుశీలదీ, లీలదీ, మాట సావిత్రిది. నడక మాత్రం మా అప్పది.

*

డేరా లేని నెలల్లో రేడియో. ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, సినిమా మొత్తాన్ని గంటకి కుదించి మాటలూ పాటలూ వినిపించేవారు. సెల్లులు బలం తగ్గితే తీసి ఎండలో పెట్టేవాళ్లం, కాసేపు మళ్లీ పలికేది. అది ఆదివారం పొద్దున్నే చెయ్యాల్సిన పని, శబ్దచిత్రం టైముకి రేడియో గొంతు పీలపోతే ఇంట్లో అందరూ నా మీద పడేవారు. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం కూడా వినేవాళ్లం. అలలు వచ్చి పోతున్నట్టు ఆ స్టేషను దగ్గరికొచ్చేది, దూరమైపోయేది. మంచి పాట సరిగ్గా దూరమైపోయినప్పుడే వచ్చేది.

పెళ్లి ఎవరింట్లో అయినా మైకు సెట్టు ఊరందరిదీ. చింతచెట్టుకి హారన్ కట్టేసి, తెల్లారకుండానే మొదలెట్టేవారు. దానవీరశూరకర్ణ 1977 సంక్రాంతికి వచ్చింది. ఆ సినిమా మా దగ్గరికి రావడానికి చాలా ముందే దాని మాటలు రికార్డుల మీద వచ్చేశాయి. కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటలు పెళ్లిలో, జాతరలో, ఆఖరికి పుట్టువెంట్రుకలు తీయించే ఫంక్షన్లో కూడా వేసేవారు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో దుర్యోధనుడు కులం గురించి నిలదీసే ఆ పెద్ద డైలాగు మా ఊళ్లో చదువు రానివాళ్లకి కూడా పొల్లు పోకుండా వచ్చు. మా పాలేరు ఒకాయన ఉండేవాడు, నాగలి దున్నుతూ చాలు తిప్పే దగ్గర ఆగి ఎడ్లకి ఎదురుగా నిలబడి ఆ డైలాగు చెప్పేవాడు. ఆయన గొంతులో ఉన్న ఉక్రోషం నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఎన్టీఆర్‌ని అనుకరిస్తున్నాడనుకున్నాను. పెద్దయ్యాక ఆలోచిస్తే, మా ఊళ్లో కులం గురించి ఆ ప్రశ్న నోరు తెరిచి అడగ్గలిగింది ఆ డైలాగు రూపంలోనేనేమో అనిపిస్తుంది. నాన్న వింటుండగానే అనేవాడు, నాన్న ఏమీ అనేవాడు కాదు.

*

శంకరాభరణం దగ్గరికొచ్చేసరికి మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మ తమ్ముడు, విజయనగరంలో తాలూకా ఆఫీసులో గుమాస్తా. నాటకాల పిచ్చి. విజయనగరంలో జె.వి. సోమయాజులు, ఆయన తమ్ముడు రమణమూర్తి కన్యాశుల్కం ఆడుతుంటే చూసినవాడు. రమణమూర్తి గిరీశం, సోమయాజులు రామప్పంతులు. ఆ రామప్పంతులే సినిమాలో శంకరశాస్త్రి అయ్యాడని తెలిసి మావయ్య కాలు నిలవలేదు. పైగా సోమయాజులుది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం, పైగా రెవెన్యూ శాఖలోనే డిప్యూటీ కలెక్టరు. "మన డిపార్టుమెంటు, మన జిల్లా" అని మావయ్య అంటుంటే సొంత అన్నగారి సంగతి చెప్తున్నాడా అనిపించేది.

మమ్మల్ని చీపురుపల్లిలో రైలెక్కించుకుని విజయనగరం తీసుకెళ్లాడు. హాల్లో మావయ్య వీపు కుర్చీకి ఆనించలేదు. ఇంటర్వెల్లో సోడా కొనిపెట్టాడు గానీ మాట్లాడలేదు. ఆట అయ్యాక గంటస్తంభం మీదుగా నడుస్తూ ఒక్కసారిగా మొదలెట్టాడు. "ఈ వీధుల్లోనేరా, సంగీత కళాశాలలో చదువుకుంటూ ఘంటసాల జోలె పట్టుకుని మధుకరం ఎత్తుకున్నది" అన్నాడు. అన్నం పెట్టిన ఇళ్లు ఏవో తెలిసినట్టు ఒక్కో వీధి వైపు చూస్తూ నడిచాడు. అప్పటికి ఘంటసాల పోయి కొన్నేళ్లయింది. మావయ్య గొంతు మాత్రం ఆ రాత్రే కబురు తెలిసినట్టు వణికింది.

ఇంటికెళ్లాక మామ్మకి సినిమా చెప్పాం. ఆ పాటలు ఆవిడ అప్పటికే రేడియోలో వినేసింది. "పెద్దాయన ఎంత బాగా పాడినాడు" అంది. పాడింది ఆయన కాదు మామ్మా, బాలసుబ్రహ్మణ్యం అని కుర్రాడు, శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవాడు కూడా కాదు అంటే నమ్మలేదు. ఆ పాటలకే బాలుకి, వాణీ జయరాంకి, మహదేవన్‌కి జాతీయ అవార్డులు వచ్చాయి. 1980 ఫిబ్రవరి 2న ఆ సినిమా విడుదలైంది. 2023లో సరిగ్గా అదే ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు పోయారు. రెండు రోజులకి వాణీ జయరాం. బాలు 2020లోనే వెళ్లిపోయాడు. విశ్వనాథ్ గారి వార్త విన్న రాత్రి మావయ్యతో మాట్లాడాలని ఎంత అనిపించిందో చెప్పలేను. మావయ్య అంతకుముందే పోయాడు. ఆయన కొడుక్కి ఫోన్ చేశాను. వాడూ నా ఫోన్ కోసమే చూస్తున్నానన్నాడు. ఇద్దరం ఏమీ పెద్దగా మాట్లాడుకోలేదు, అవతల వాళ్లింట్లో టీవీలో ఆ పాటే వస్తోంది.

*

డిగ్రీకి నేనూ విజయనగరమే వెళ్లాను, ఎం.ఆర్. కాలేజీకి. ఒక సినిమా హాలు వెనక గోడని ఆనుకుని ఉన్న ఇంట్లో గది దొరికింది. అద్దె తక్కువ, ఎందుకంటే రాత్రి ఒంటిగంట దాకా ఆ గోడ మాట్లాడుతూనే ఉంటుంది. అందరూ ఎలా చదువుతావని జాలిపడ్డారు. నాకు మాత్రం మా పెరట్లో పడుకున్నట్టే ఉండేది. గోడ కాబట్టి మాటలు సరిగా తెలిసేవి కావు, సంగీతం మాత్రం ఇటుకల్లోంచి వచ్చేసేది. నాతో ఉండే పార్వతీపురం కుర్రాడూ నేనూ గడియారం చూడటం మానేశాం. ఫలానా పాట వచ్చిందంటే పదకొండు, ఫలానా ఫైటు అయిందంటే ఇక పుస్తకం మూసేయొచ్చు.

1989లో గీతాంజలి వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా అదొక్కటే. మాకు చేతిలో డబ్బుల్లేవు, నెలాఖరు. ముందు రోజుల తరబడి ఇళయరాజానే విన్నాం. నాలుగు ఆటల్లో రెండు ఆటలు వింటూ చదువుకుంటుంటే, ఏ చోట వయొలిన్లు వస్తాయో, ఏ చోట అంతా ఆగిపోయి ఒక్క వాయిద్యమే మిగులుతుందో ఇద్దరికీ కంఠతా వచ్చేసింది. కథ మేమే అల్లుకున్నాం, వాడిదొకటి, నాదొకటి. ఇంటి నుంచి డబ్బులొచ్చాక వెళ్లి చూశాం. కథ మా ఇద్దరిదీ కాదు. కానీ నన్ను కట్టిపడేసింది అది కాదు, మంచు. పి.సి. శ్రీరామ్ తీసిన ఆ ఊటీ మంచు, అందులోంచి వచ్చే వెలుతురు. అన్ని రాత్రులు విన్నా నా చెవికి చిక్కనిది అదొక్కటే. ఎర్రటి ఎండలో చెమటలు కక్కే విజయనగరంలో కూచుని ఆ పాటలకి అంత చలి ఉందని ఎలా ఊహిస్తాం? హాలు నుంచి బయటికొచ్చి గదికి వెళ్లకుండా అయ్యకోనేరు గట్టు దాకా నడిచి కూచున్నాం. ఆ తర్వాత మళ్లీ గోడ ఇవతల నుంచి విన్నప్పుడు అదే పాట చల్లగా ఉండేది.

ఆ రూమ్మేటు ఇప్పుడు ఒడిశాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏ పెళ్లిలోనో కలిస్తే వాడు మొదట అడిగేది ఆ గోడ ఇంకా ఉందా అనే. హాలూ లేదు, గోడా లేదు. మా వైపు హాళ్లు చాలావరకు కల్యాణ మండపాలో, గోదాములో అయిపోయాయి. పేర్లు మాత్రం మిగిలాయి. శ్రీకాకుళంలో ఇప్పటికీ ఆటో ఎక్కి సూర్యమహల్ జంక్షన్ అంటారు, రామలక్ష్మణ జంక్షన్ అంటారు. ఆ మాట వింటేనే నాకు టికెట్ చింపిన చప్పుడు వినబడుతుంది.

*

మా ఇంటికి బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చాక మామ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. శుక్రవారం చిత్రలహరికి ఊరంతా మా వసారాలో ఉంటే ఆవిడ మాత్రం లోపల పడుకుని వినేది. ఒకసారి దూరదర్శన్‌లో మాయాబజార్ వేశారు. ఆ రోజు అప్ప పుట్టింటికొచ్చి ఉంది. ఇద్దరం పట్టుబట్టి మామ్మని తీసుకొచ్చి ముందు కూచోబెట్టాం. నాన్న డాబా మీద యాంటెన్నా గడ పట్టుకుని తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తున్నాడు.

మామ్మ మొదట్నుంచీ డైలాగులు ముందే అనేస్తోంది. ఎవరు మాట్లాడుతున్నారో ముఖం చూసి కాదు, గొంతు విని పోల్చుకుంటోంది. శకుని కనబడగానే "ఈడేనా శకుని? నాను ముసిలోడనుకున్నాను" అంది. "లాహిరి లాహిరి" పాటలో మార్కస్ బార్‌ట్లీ తీసిన వెన్నెలని మాత్రం కళ్లార్పకుండా చూసింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఘటోత్కచుడు వచ్చాడు. కాసేపు చూసి "ఎంతోడో అనుకున్నాను, తీసుకొచ్చి ఆ డబ్బాలో ఎట్టేసినారేటి" అంది. ఆవిడ చింతతోపంత మనిషిని చూసుకుంది ఇన్నాళ్లూ, ఆ గొంతుకి తగ్గ మనిషిని. చివరికి సావిత్రి గద పట్టుకున్నట్టు నడిచే సీను వచ్చింది. జనం నవ్వారు. ఈసారి ఎందుకో మేం చెప్పక్కర్లేదు. మామ్మ మాత్రం తెర వైపు కాకుండా వెనక్కి తిరిగి అప్ప వైపు చూసి నవ్వింది. "మన గుంటే బాగా చేసింది" అంది అందరితో.

మామ్మ పోయిన చాన్నాళ్లకి, 2010లో, మాయాబజార్‌కి రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. నేనూ అప్పా కలిసి వెళ్లాం. రంగులు బాగున్నాయి, శ్రద్ధగానే వేశారు, కాదనను. నా మనసులో ఉన్నవి మాత్రం వేరే రంగులు. మాయాబజార్‌లో నేను చూసిన రంగులన్నీ చీకటి, లాంతరు వెలుతురు, చింతపండు. కానీ తివాచీ చుట్టుకుపోయే దగ్గర హాలంతా నవ్వింది. సరిగ్గా అదే చోట. పక్కన కాలేజీ పిల్లలు, వాళ్లూ అక్కడే నవ్వారు. అప్ప నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

*

రెండేళ్ల కిందట నాన్నకి విశాఖపట్నంలో కంటి ఆపరేషన్ అయింది, రెటీనాకి. అలాంటి ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు బోర్లా పడుకోవాలన్నారు. తిండికీ, బాత్రూమ్‌కీ తప్ప తల ఎత్తకూడదు. జీవితమంతా పొలంలో తిరిగిన మనిషి, అలా పడుకోవాలంటే ఎంత టెన్షనో చూడండి. రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. ఒక రాత్రి ఏమీ తోచక ఫోన్‌లో మిస్సమ్మ పెట్టి తలగడ పక్కన ఉంచాను. 1955 నాటి సినిమా, నాన్న పడుచువాడిగా రాజాంలో చూసింది. సంగీతం సాలూరి రాజేశ్వరరావు, సాలూరు దగ్గర శివరామపురం ఆయనది. "మనోడే" అన్నాడు నాన్న తలగడలోంచి. కాసేపటికి ఊపిరి నిదానంగా తీసుకోవడం తెలిసింది నాకు. ఏ.ఎం. రాజా పాడుతుంటే వేళ్లు మంచం పట్టె మీద తాళం వేస్తున్నాయి.

డిటెక్టివ్ వేషంలో నాగేశ్వరరావు మేరీ కాలి మీద పుట్టుమచ్చ చూడాలని పడే తిప్పలు ఉన్నాయి కదా, అక్కడ నేను గట్టిగా నవ్వేశాను. "ఏటవుతోందిరా ఇప్పుడు?" అన్నాడు నాన్న, తల ఎత్తబోయి. ఎత్తకు ఎత్తకు అని భుజం మీద చెయ్యేసి, నాగేశ్వరరావు ఎక్కడ దూరాడో, సావిత్రి ఎలా చూసిందో, ఎన్టీఆర్ ముఖం ఎలా పెట్టాడో చెప్పుకుంటూ పోయాను. నాకు అలవాటైన పనే అది. పక్క మంచం ఆయన, శ్రీకూర్మం వైపు మనిషి, ఆయనా బోర్లానే ఉన్నాడు, "బాబూ, కాస్త గట్టిగా చెప్పు" అన్నాడు. ఆ తర్వాత నుంచి రోజూ రాత్రి ఒక సినిమా. నర్సు కూడా ఏమీ అనలేదు, డ్యూటీ దిగేముందు గుమ్మం దగ్గర కాసేపు నిలబడి విని వెళ్లేది.

నాన్న కన్ను ఇప్పుడు బాగానే ఉంది. టీవీ చూస్తున్నాడు. పాత సినిమాలు వచ్చే ఛానెళ్ల నెంబర్లన్నీ గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు. చెవులే కాస్త మందగించాయి, అందుకని సౌండు బాగా పెంచేస్తున్నాడు. మొన్న అప్ప ఫోన్ చేసి, ఊళ్లోకి వస్తుంటే చెరువు మలుపు దగ్గరికే గుండమ్మ కథ వినబడిందని, చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారోనని గొడవపడింది. వాళ్లనే అడిగాను. పక్కింటి ముసలమ్మ "తగ్గించమనకు బాబూ, నేనూ వింటన్నాను" అంది.